ఒక దెబ్బ ఎక్కువైంది

ఆర్కెస్ట్రా అంటే మీకు తెలుసు గదా! వినాయకచవితి పందిళ్ళలో సినిమా పాటలు పాడే గుంపును మన ఊళ్ళలో ఆర్కెస్ట్రా అంటారు. అసలీ మాట గ్రీకు భాషది. పూర్వం గ్రీసు దేశపు నాటకశాలల్లో వేదికకు ముందు ఆడేవాళ్ళూ, పాడేవాళ్ళూ నిలబడే గుండ్రటి చోటును ఆ పేరుతో పిలిచేవాళ్ళు. కాలక్రమాన ఆ చోట కూర్చుని వాయించేవాళ్ళకే ఆ పేరు వచ్చింది. ఐరోపా పద్ధతి ఆర్కెస్ట్రాలో ఎనభై, తొంభైమంది దాకా ఉంటారు. ముందు వరసల్లో ఫిడేళ్ళు, వాటి వెనక పిల్లనగ్రోవులూ, బాకాలూ, అన్నిటికన్నా వెనక డోళ్ళూ, తాళాలూ. ఈ నెల ఆ వెనక కూర్చున్నవాళ్ళ సంగతి చెబుతాను.

వెనక కూర్చున్నవాడికి పని తక్కువని అందరూ అనుకుంటారు. ఒక విధంగా నిజమే. డ్వోర్జాక్ అనే చెక్ దేశపు సంగీతకర్త అమెరికాలో ఉన్నప్పుడు ‘కొత్త ప్రపంచం’ అనే పేరుగల సింఫనీ ఒకటి రాశాడు. 1893 డిసెంబరులో న్యూయార్కు నగరంలో దాన్ని మొట్టమొదట వాయించారు. అది నలభై నిమిషాలకు పైగా సాగే సంగీతం. నాలుగు భాగాలు. ఈ నలభై నిమిషాలలోనూ పెద్ద తాళాలు వాయించేవాడికి ఎన్ని దెబ్బలున్నాయో తెలుసా? ఒకే ఒక్కటి! అదీ నాలుగో భాగంలో. అదీ గట్టిగా కాదు, ఓ మోస్తరుగా. ఆ ఒక్క దెబ్బ కోసం అతను మూడు భాగాలు అయిందాకా చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చోవాలి. కునుకు పట్టరాదు. తాళాలు ఒకదానికొకటి తగలరాదు. సరిగా ఆ క్షణానికి లేచి, ఒక్కసారి తాటించి, మళ్ళీ కూర్చోవాలి.

ఇదేం కష్టం అంటారా? ఫిడేళ్ళవాళ్ళు పదిహేనుమంది కలిసి ఒకే వరస వాయిస్తారు. వాళ్ళలో ఒకడు తప్పు చేస్తే మిగతా పద్నాలుగుమంది చప్పుడులో అది కలిసిపోతుంది. తాళంవాడికి అటువంటి చాటు లేదు. అతను ఒక క్షణం ముందు కొట్టినా, వెనక కొట్టినా, సభలో అందరికీ తెలిసిపోతుంది. హేడన్ అనే ఆయన 1792లో లండనులో వినిపించిన ఒక సింఫనీలో, అందరూ మెల్లగా, జోలపాట మాదిరి వాయిస్తూ ఉండగా హఠాత్తుగా నగారాలతో సహా అందరూ కలిసి ఒక్క పెద్ద దెబ్బ వేస్తారు. విననివాళ్ళు ఉలిక్కిపడతారు. ఆ నగారావాడు తొందరపడి ఒక్కడే ముందు కొట్టాడో, ఉలిక్కిపడేది సభ కాదు, తోటివాళ్ళు!

అందుచేత ఈ వెనక వరసవాళ్ళకు వాయించటం ఎంత ముఖ్యమో, వాయించకుండా లెక్కపెట్టటం అంతకన్నా ముఖ్యం. లెక్క తప్పకుండా ఉండటం ఎంత కష్టమో చిలుకూరు వెళ్ళినవాళ్ళను అడగండి. మొయినాబాదు మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక కోరుకొన్నవాళ్ళు 11 ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరాక వచ్చి 108 చేస్తారు. వందా ఎనిమిది చుట్లు తిరిగేటప్పుడు మనసులో లెక్క నిలవదు. అందుకని అంకెలు అచ్చువేసిన కాగితం చేత పట్టుకొని, చుట్టుకొక అంకె కొట్టేస్తూ పోతారు. వాయించేవాడి చేతుల్లో పుల్లలుంటాయి, కాగితం పట్టుకొనే వీలు లేదు. పైగా వాడి గుండె కూడా పక్కనే కూర్చుని తన లెక్క తాను వేస్తూ ఉంటుంది. చిక్కల్లా అక్కడే వస్తుంది.

ఈ చిక్కు నేను దగ్గరగా చూశాను. మొయినాబాదుకూ చేవెళ్ళకూ మధ్య, ఆ పెద్ద మర్రిచెట్ల రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక ఊరి బడిలో జరిగింది. జనవరి నెల. బడి వార్షికోత్సవం. మా సంగీతం మాస్టారు పదహారుమంది పిల్లలతో ఒక వాద్యబృందం తయారుచేశారు. రెండు హార్మోనియంలు, ఒక కీబోర్డు, నాలుగు పిల్లనగ్రోవులు, కంజీరలు, చిడతలు, వీటితోపాటు ఒక డప్పు. డప్పు వాయించేవాడు తొమ్మిదో తరగతి పిల్లవాడు. వాడి తాత ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలిసిన డప్పు కళాకారుడు.

ఇంట్లో డప్పు ఉన్నదని చెప్పుకోటానికి ఆ పిల్లవాడు మొదట సిగ్గుపడ్డాడు. తోటి పిల్లలు కొందరు ‘సావు డప్పు’ అని వేళాకోళం చేశారు. “నాకు సైడుడ్రమ్ము ఇయ్యండి సార్, డప్పు వద్దు,” అన్నాడు వాడు మాస్టారితో. నిజానికి డప్పు చావుకు మాత్రమే కాదు, పెళ్ళికీ, బోనాలకూ, జాతరకూ, ఊరి చాటింపుకూ అన్నిటికీ కావలసిందే. వందల ఏళ్ళుగా ఊరు ఈ పనులన్నీ చేయించుకొని, చేసినవాణ్ణి మాత్రం ఊరి చివర ఉంచింది. అందులో సిగ్గుపడవలసింది ఎవరో మీరే ఆలోచించండి. తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యమం సాగిన రోజుల్లో, అంటే 2014కు ముందు, సభల్లో మొదట వినపడింది డప్పే. మాస్టారు ఈ ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. “ఈ పాటకు డప్పే కావాలి. అది వాయించగలవాడివి నువ్వొక్కడివే,” అన్నారు. ఆ మాటతో వాడు ఒప్పుకొన్నాడు గాని, భయం మాత్రం పోలేదు.

డప్పు చూడనివాళ్ళ కోసం చెబుతాను. గుండ్రటి కొయ్య చట్రం మీద మేకతోలు బిగించి, చింతగింజల జిగురుతో అతికిస్తారు. దాన్ని భుజాన తగిలించుకొని, కుడిచేత పొట్టిగా, లావుగా ఉండే పుల్లతోనూ, ఎడమచేత సన్నటి పుల్లతోనూ వాయిస్తారు. లావు పుల్లను సిర్ర అంటారు. సన్నదాన్ని చిటికెన పుల్ల అంటారు.

ఆరుబయట వేదిక. పొద్దుగూకి గంటన్నర అయింది. మంచు పడుతున్నది. మొదటి పాట మొదలయింది. పిల్లవాడు డప్పు మీద సిర్ర వేశాడు. ‘ఖణ్’మని మోగవలసిన డప్పు తడి గోనెసంచి మీద కర్రతో కొట్టినట్టు ‘బొద్దు’మన్నది. వాడి మొహం పాలిపోయింది. ఇంకా గట్టిగా కొట్టాడు. అరచేతులకు చెమట పట్టిందేమో, సిర్ర జారి, గాలిలో ఒక గిరక కొట్టి, ముఖ్య అతిథి కుర్చీ ముందు పడింది! జనం గొల్లుమన్నారు. ముఖ్య అతిథి మంచివాడు. తానే లేచి సిర్ర తీసి అందించాడు. అయినా నవ్వు ఆగలేదు. పిల్లవాడు ఆ పాటంతా ఎలాగో ముగించి, వేదిక వెనక్కు పోయి, డప్పు కింద పెట్టేశాడు.

అప్పటికే తాత జనంలోంచి లేచి వెనక్కు వచ్చాడు. మనమణ్ణి ఏమీ అనలేదు. డప్పు తీసి, వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు.

“పెద్దసారూ, ఎండుగడ్డి ఏమన్న ఉన్నదా?” అని నన్ను అడిగాడు.

మా అటెండరు పక్కింటి వామిలోంచి చేతినిండా వరిగడ్డి తెచ్చాడు. నీళ్ళ బకెట్టు కూడా తెచ్చి పక్కన పెట్టాడు. పందిరికి దూరంగా పోయి గడ్డి అంటించారు. తాత డప్పును మంటకు జానెడు ఎత్తున పట్టుకొని, రొట్టె కాల్చినట్టు తిప్పుతూ, మధ్య మధ్య వేలితో మీటి చూస్తున్నాడు. ‘బొద్దు’ కాస్తా ‘దమ్’ అయింది. ‘దమ్’ కాస్తా ‘ఢణ్’ అయింది.

“తాతా, నాకు బుగులైతుందే. నాతోటి కాదు,” అన్నాడు పిల్లవాడు మెల్లగా.

“నాకు గాదా?” అన్నాడు తాత, మంట మీద నుంచి చూపు తిప్పకుండా. “యాభై ఏండ్ల సంది కొడుతున్న. మొదటి దెబ్బ పడేదాంక నాకూ బుగులే. దెబ్బ పడ్డంక యాదికి రాదు.”

డప్పు ‘ఖణ్’మన్నది. తాత దాన్ని మనమడి భుజాన తగిలించాడు. సిర్రకు కాస్త బూడిద రాసి ఇచ్చాడు.

ఇక చివరి పాట. అందులో డప్పు వెంటనే రాదు. ఎనిమిది అక్షరాల ఆదితాళం. హార్మోనియంలూ, పిల్లనగ్రోవులూ పదహారు ఆవర్తాలు వాయించాక, పదిహేడో ఆవర్తం మొదటి దెబ్బకు డప్పు అందుకోవాలి. అంటే 16 ఎనిమిదులు, 128 దెబ్బలు లెక్కపెడుతూ ఊరికే నిలబడాలి. పాట నడక నిమిషానికి 80 దెబ్బలు. కనక ఆ నిలబడేది సుమారు ఒక నిమిషం ముప్ఫయ్యారు సెకండ్లు.

పిల్లవాడు కళ్ళు మూసుకొన్నాడు. పెదవులు కదులుతున్నాయి. పదిహేను ఆవర్తాలు అయినవో లేదో, సిర్ర లేచి డప్పు మీద పడనే పడింది! ‘ఖణ్!’ సభంతా మోగింది. మాస్టారు గతుక్కుమని చూశారు. పిల్లవాడికి వెంటనే తెలిసిపోయింది. రెండో దెబ్బకు లేచిన చేతిని అట్లాగే గాలిలో ఆపేశాడు. అట్లా ఆపటానికి ఎంత గుండెనిబ్బరం కావాలో వాయించేవాళ్ళకు తెలుస్తుంది. మిగిలిన ఏడు దెబ్బలూ చెయ్యి ఎత్తుకొని నిలబడి, సరిగా పదిహేడో ఆవర్తానికి అందుకొన్నాడు. అందుకొన్నాక ఇక చూడండి! అడుగు వేస్తూ, వెనక్కు వంగుతూ, తాత వాయించినట్టే వాయించాడు. ఇందాక నవ్వినవాళ్ళే ఈలలు వేశారు.

సభ అయ్యాక చాలామంది పెద్దలు వచ్చి, “మధ్యలో ఒక్క దెబ్బ కొట్టి, చెయ్యి ఎత్తి ఆపావే, అది చాలా బాగుంది. ఎవరు నేర్పారు?” అని అడిగారు. పిల్లవాడు నా వంక చూసి నవ్వు ఆపుకొన్నాడు. తాత మాత్రం మనమడి తల నిమిరి ఇట్లా అన్నాడు:

“ఒక దెబ్బ ఎక్కువైంది కొడుకా. లెక్క నోట్ల పెట్టుకోవద్దు, కాళ్ళల్ల పెట్టుకోవాలె.”

మర్నాడు వాడు కొత్త సిర్ర ఒకటి చెక్కించుకొని బడికి వచ్చాడు. చెమటకు జారకుండా పట్టుకొనేచోట గాట్లు పెట్టించాడు. సైడుడ్రమ్ము ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఒక్కొక్క సంగతే చూద్దాం. డప్పు ఎందుకు ‘బొద్దు’మన్నది? తోలు సన్నటి నారల అల్లిక. ఆ నారలు గాలిలోని తేమను పీల్చుకొని సాగుతాయి. సాగితే బిగువు తగ్గుతుంది. బిగువు తగ్గిన తోలు సెకండుకు తక్కువసార్లు అదురుతుంది కనక చప్పుడు లావుగా, మూగగా వస్తుంది. వేడి తగిలితే తేమ ఆవిరై పోయి, నారలు దగ్గరికి లాక్కుంటాయి. తోలు బిగిసి, ఎక్కువసార్లు అదిరి, కంగుమంటుంది. మరీ కాచితే తోలు పగులుతుంది. అందుకే తాత మాటిమాటికీ మీటి చూశాడు. (మీరు ఇంట్లో పెద్దవాళ్ళు లేకుండా ఈ పని చెయ్యకండి.) సైడుడ్రమ్ముకు ఈ బెడద లేదు. 1957లో అమెరికాలో రెమో బెల్లీ అనే డ్రమ్ము వాద్యకారుడు తోలుకు బదులు ప్లాస్టిక్ పొర వేసిన డ్రమ్ములను ప్రచారంలోకి తెచ్చాడు. ప్లాస్టిక్ తేమ పీల్చదు. వానలో కూడా ఒకే మాదిరిగా మోగుతుంది. మోగుతుంది గాని, కాచిన డప్పు మోత దానికి రాదని నా అభిప్రాయం.

మృదంగం వాయించేవాళ్ళ అవస్థ ఇంకొక రకం. మృదంగం ఎడమవైపు తోలు మధ్యన తడి రవ్వముద్ద అద్దుతారు. ఆ బరువుకు తోలు నిదానంగా అదిరి గంభీరమైన చప్పుడు వస్తుంది. కచేరీకి ముందు అద్దటం, అయ్యాక గీకెయ్యటం మామూలు. దీపాల వేడికి ఆ రవ్వ ఎండిపోయి, పాట మంచి పట్టులో ఉండగా ఊడి ఒళ్ళో పడితే ఇక చెప్పేదేముంది? అందుకే జాగ్రత్తపరులు పక్కన కాసిని నీళ్ళు పెట్టుకొని కూర్చుంటారు. కుడివైపు ఉండే నల్లటి పూత ఊడేది కాదు. ఇనుము కలిసిన రాతిపొడిని అన్నంతో మెదిపి పొరలు పొరలుగా వేసి రుద్దిన పూత అది. మామూలు డోలులో పుట్టే రకరకాల చప్పుళ్ళు ఒకదానితో ఒకటి పొసగవు. అందుకే దానికి శ్రుతి అంటూ సరిగా ఉండదు. నల్లపూత ఉన్న మృదంగంలో, తబలాలో ఆ చప్పుళ్ళు ఒకదానికి రెండింతలు, మూడింతలుగా సర్దుకొని, తీగవాద్యంలాగా శ్రుతి పలుకుతుంది. ఈ రహస్యం పరీక్షలు చేసి చూపినవాడు సి.వి. రామన్. చిన్నతనంలో మన విశాఖపట్నంలో చదువుకొన్నవాడే. 1920లో ఒకసారి, 1934లో మరింత వివరంగా ఆయన ఈ సంగతి ప్రకటించాడు. ఈ రెంటికీ మధ్య 1930లో కాంతిని గురించి చేసిన పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి వచ్చాక కూడా ఆయన మద్దెల మోతను మరవలేదన్నమాట.

ఇక చెమట సంగతి. మన మూత్రపిండాల మీద చిన్న టోపీల్లాగా రెండు గ్రంథులున్నాయి. భయం వెయ్యగానే అవి అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. దానితో గుండె వేగం హెచ్చుతుంది. చర్మానికి పోయే రక్తం తగ్గి, పెద్ద కండరాలకు ఎక్కువ పోతుంది. అందుచేత వేళ్ళు చల్లబడతాయి. భయం కలిగించిన నరాలే అరచేతులకు చెమట కూడా పట్టిస్తాయి. పులి ఎదురైతే పరిగెత్తటానికి ఈ ఏర్పాటంతా బాగానే ఉంటుంది. సిర్ర పట్టుకోటానికి మాత్రం ఏమీ బాగుండదు! గుండె తొందరపడితే మనసులోని లెక్క కూడా తొందరపడుతుంది. మన పిల్లవాడు ఎంత తొందరపడ్డాడో లెక్కవేసి చూడండి. పాట పదిహేను ఆవర్తాలు నడవటానికి 90 సెకండ్లు పట్టింది. ఆ 90 సెకండ్లలో వాడు పదహారు ఆవర్తాలు, అంటే 128 దెబ్బలు లెక్కపెట్టాడు. నిమిషానికి 80కి బదులు సుమారు 85! ఆ ఐదు దెబ్బల తేడాయే వాడి చేత ముందుగా కొట్టించింది. కళ్ళు తెరిచి మాస్టారి చేతిని చూసినా, తాత చెప్పినట్టు కాలితో తాళం వేసినా తేడా రాకపోను. ఊపిరి పీల్చినదానికన్నా మెల్లగా వదిలితే గుండె కాస్త నెమ్మదిస్తుంది. అందుకే వేదిక ఎక్కేముందు నాలుగైదుసార్లు అట్లా చెయ్యమంటారు.

ఈ భయం చిన్నవాళ్ళకే అనుకోకండి. పాబ్లో కాసల్స్ అనే స్పెయిను దేశస్థుడు, 1876 నుంచి 1973 వరకు జీవించినవాడు, చెల్లో అనే పెద్ద ఫిడేలు వాయించటంలో ప్రపంచమంతా మెచ్చినవాడు. ఆయనకు ప్రతి కచేరీకి ముందూ భయమే. 1901లో అమెరికాలో ఒక కొండ ఎక్కుతూ ఉండగా రాయి దొర్లి ఆయన ఎడమచేతి వేలు నలిగింది. ఆ క్షణంలో తనకు మొట్టమొదట వచ్చిన ఆలోచన ఏమిటో ఆయనే తరవాత చెప్పాడు: అమ్మయ్య, ఇక వాయించనక్కరలేదు! అయితే వేలు నయమైంది. ఆయన ఆ తరవాత డెబ్భై ఏళ్ళు భయపడుతూనే వాయించాడు.

పెద్ద ఆర్కెస్ట్రాలో వెనక కూర్చున్నవాడికి ఇంకొక చిక్కు కూడా ఉంది. శబ్దం సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. ముందు వరసకు, అతనికీ 17 మీటర్ల దూరం ఉందనుకోండి. వాళ్ళ చప్పుడు అతని చెవికి చేరటానికి సెకండులో ఇరవయ్యో వంతు పడుతుంది. అది విని అతను కొడితే, అతని దెబ్బ ముందువాళ్ళను చేరటానికి మరొక ఇరవయ్యో వంతు. రెండూ కలిసి పదోవంతు ఆలస్యం! పదోవంతు ఆలస్యాన్ని చెవి ఇట్టే పట్టేస్తుంది. కనక అతను చెవిని నమ్ముకోరాదు. నడిపించేవాడి చేతికర్రను కంటితో చూసి, కాస్త ముందుగా కొట్టాలి.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. చదునైన, వాహనాలు తిరగని చెరువుకట్ట గాని, పొలాల బాట గాని చూసుకోండి. ఒకరు గడియారం చూస్తూ సెకండుకొక దెబ్బ చొప్పున ఇత్తడి పళ్ళేన్ని కొడుతూ నిలబడాలి. కొట్టేచెయ్యి బాగా పైకి లేపి కొట్టాలి. మీరు అతన్నే చూస్తూ దూరంగా నడవండి. దగ్గరలో దెబ్బ, చప్పుడు కలిసే ఉంటాయి. పోనుపోను చప్పుడు వెనకబడుతుంది. 170 మీటర్లు పోయేసరికి అతని చెయ్యి పైకి లేచినప్పుడు మీకు చప్పుడు వినిపిస్తుంది. చూడటానికి తమాషాగా ఉంటుంది. ఇంకా పోండి. 340 మీటర్ల దగ్గర దెబ్బ, చప్పుడు మళ్ళీ కలిసిపోతాయి. అంతా సరిపోయిందనుకుంటారు. కాని మీరు అప్పుడు వింటున్నది అంతకుముందు వేసిన దెబ్బ. కావాలంటే అతన్ని కొట్టటం ఆపమని చెయ్యి ఊపండి. పళ్ళెం దించేసిన తరవాత కూడా ఒక దెబ్బ వినిపిస్తుంది.